మీ పాపది ఎవరి బడక్కా?

తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర నాకొక నెట్ సెంటర్ ఉంది. రెండు సిస్టమ్‌లు, ఒక జెరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను, బయట ఒక బల్ల, అంతే. పెట్టి పన్నెండేళ్ళయింది. టెన్త్ రిజల్ట్స్ వచ్చిన రోజు మొదలయితే ఇంక ఆగస్టు దాకా నేను టైముకి అన్నం తిన్న రోజు ఉండదు, ఒకరి తర్వాత ఒకరు వస్తానే ఉంటారు, పాలిసెట్ అని, ట్రిపుల్ ఐటీ అని, ఇంటర్ అడ్మిషన్ అని, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అని, డిగ్రీ వెబ్ ఆప్షన్లు అని.

పోయిన మార్చిలో రేణిగుంట అవతల పల్లె నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకోని వచ్చింది, గురుకులంలో 5వ తరగతికి అప్లికేషన్ పెట్టాలంట. ఫారం నింపుతా ఉంటే బడి యాజమాన్యం అని ఒక గడి వచ్చింది. ఏ బడక్కా అని అడిగినా. "గవర్నమెంటు బడేమ్మా" అనింది. అది కాదక్కా, మండల పరిషత్తా, మున్సిపాలిటీదా, ఎయిడెడా అంటే ఆమె నా మొహం చూసి, "ఏమో మ్మా, ఫీజు కట్టబళ్ళేదు, మధ్యాన్నం అన్నం పెడతారు, గవర్నమెంటు బడే" అని మళ్ళీ అదే చెప్పింది. పాపని అడిగితే మాత్రం ఆ పిల్ల టక్కున చెప్పింది, "గోడ మీద ఎంపీపీఎస్ అని రాసుంటాది ఆంటీ" అని.

ఆ పిల్ల చెప్పిందే కరెక్టు. ఎంపీపీఎస్ అంటే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇది చిన్న విషయం అనుకుంటాము కానీ కాదు. ఇన్నేళ్ళలో నేను చూసిందాంట్లో, పిల్లల చదువు కోసం తల్లిదండ్రులు ఆఫీసుల చుట్టూ తిరిగే తిరుగుళ్ళలో సగం, పోవాల్సిన తలుపు ఒకటయితే కొట్టిన తలుపు ఇంకొకటి కాబట్టే. కూలి వదులుకోని, బస్సు చార్జీ పెట్టుకోని పోయి, ఇక్కడ కాదమ్మా అనిపించుకోని తిరిగొస్తారు. అందుకని నాకు తెలిసినంతలో మన రాష్ట్రంలో బడి నుంచి యూనివర్సిటీ దాకా ఏది ఎవరి చేతిలో ఉందో రాద్దామని కూర్చున్నా. మన తిరుపతి, చిత్తూరు వాళ్ళకి అర్థమయ్యేటట్టు ఇక్కడి లెక్కలోనే రాస్తా.

ముందు పల్లెల్లో బడులు. 1 నుంచి 5 దాకా ఉండేది ఎక్కువగా మండల పరిషత్‌ది, 6, 7 కూడా కలిపి ఉంటే ప్రాథమికోన్నత అంటారు, అదీ మండల పరిషత్‌దే ఎక్కువ. 6 నుంచి 10 దాకా ఉండే హైస్కూలు జిల్లా పరిషత్‌ది, అదే మనం జడ్పీ హైస్కూలు అనేది. మా తాత బతికున్నన్నాళ్ళూ దాన్ని బోర్డు హైస్కూలు అనే అనేవాడు, ఆయన కాలంలో జిల్లా బోర్డు నడిపేది కాబట్టి. మా నాయన సమితి బడి అంటాడు, 1980ల్లో ఎన్టీఆర్ మండలాలు పెట్టకముందు పంచాయతీ సమితులు ఉండేవి కదా, చిన్న బడులు వాటి కిందుండేవి. పేరు మారినా అదే గోడ, అదే యాపచెట్టు.

ఇవి కాకుండా నేరుగా రాష్ట్ర ప్రభుత్వానివే అయిన బడులు కొన్ని ఉంటాయి, బోర్డు మీద ప్రభుత్వ పాఠశాల అని రాసుంటుంది. టౌన్లో అయితే మున్సిపల్ స్కూళ్ళు. ఇంకొకటి ఎయిడెడ్, అంటే యాజమాన్యం ప్రైవేటుదో ట్రస్టుదో, జీతాలు మాత్రం ప్రభుత్వం ఇస్తుంది. మన తిరుపతిలో ఇంకో రకం కూడా ఉంది, వేరే జిల్లాల వాళ్ళకి చెప్తే ఆశ్చర్యపోతారు, దేవస్థానం బడులు, టీటీడీ నడిపేవి. ఆ పక్కనే కేంద్రీయ విద్యాలయం, అది ఢిల్లీ లెక్క, సీబీఎస్‌ఈ సిలబస్సు. నవోదయ కూడా కేంద్రానిదే, మన పాత చిత్తూరు జిల్లాకి మదనపల్లె దగ్గర వలసపల్లెలో ఉంది.

ఇన్ని రకాలున్నా జీతాలు చాలావరకు ఒకే చోట నుంచి, రాష్ట్ర ఖజానా నుంచే పోతాయి. టీచర్లు 010 పద్దు అని ఒక మాట అంటా ఉంటారు, ఆ పద్దు కింద జీతం పడితే నెల మొదట్లో ట్రెజరీ నుంచి వస్తుంది అని ధైర్యం. జడ్పీ టీచరుని పెట్టుకునేది పేరుకి జిల్లా పరిషత్, జీతం రాష్ట్రానిది, పాఠం ఏం చెప్పాలో నిర్ణయించేది సిలబస్సు, పుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ, పర్యవేక్షణ విద్యాశాఖది. ఒక్క మనిషికి ఇంతమంది పెద్దలు.

దీంట్లో మన జిల్లాకి వచ్చిన ఒక చిక్కు చెప్తా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయింది కదా. కలెక్టరు వచ్చినాడు, ఎస్పీ వచ్చినాడు, డీఈఓ, అంటే జిల్లా విద్యాశాఖాధికారి, ఆఫీసు కూడా తిరుపతికి వచ్చింది. కానీ జిల్లా పరిషత్తులు మాత్రం విడగొట్టలేదు, పాత 13 జిల్లాల లెక్కనే నడిచినాయి. అంటే రేణిగుంట హైస్కూలుకి డీఈఓ తిరుపతిలో, జిల్లా పరిషత్ చిత్తూరులో. అదే నాయుడుపేట పక్క బడి అయితే డీఈఓ తిరుపతి, జిల్లా పరిషత్ నెల్లూరు. మా వీధిలో ఒక రిటైర్డ్ సారు ఉన్నాడు, జడ్పీ హైస్కూల్లో లెక్కల సారుగా చేసినాడు, ఆయన పీఎఫ్ అంతా జడ్పీ పీఎఫ్. కూతురు పెళ్ళికని పీఎఫ్‌లో నుంచి డబ్బులు తీసుకునేదానికి కాగితాలు నా దగ్గరే జెరాక్స్ తీయించుకోని చిత్తూరు బస్సు ఎక్కినాడు. "తిరుపతిలో జిల్లా ఆఫీసులన్నీ ఉండాయి కదా సార్, చిత్తూరుకెందుకు" అని నేను అడిగితే ఆయన ఓపిగ్గా నిలబడి ఇదంతా చెప్పినాడు. ఆరోజే నాకు తలకెక్కింది, జిల్లా అంటే ఒకటి, జిల్లా పరిషత్ అంటే ఇంకొకటి అని.

డీఎస్సీ కూడా అంతే. డీఎస్సీ అంటే టీచర్ ఉద్యోగాలకి ఎంపిక చేసే డిస్ట్రిక్ట్ సెలెక్షన్ కమిటీ, పేరులోనే జిల్లా ఉంది. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి పెట్టినప్పుడు అప్లికేషన్లు వేసినవాళ్ళు నా దగ్గర రాత్రి పదకొండు దాకా కూర్చున్నారు, అందులో సూళ్ళూరుపేట పిల్ల ఒకామె నాది తిరుపతి జిల్లా కదక్కా అంటే, లేదమ్మా డీఎస్సీకి నువ్వు నెల్లూరే, పాత జిల్లాల లెక్క అని చెప్పి పెట్టినాము.

ఇప్పుడు ఎవరి దగ్గరికి పోవాల అనేది. బడికి మొదటి తలుపు హెడ్ మాస్టరు. పాప పేరు తప్పు పడినా, టీసీ కావాలన్నా, స్టడీ సర్టిఫికెట్ కావాలన్నా హెచ్ఎమ్మే. ఆ పైన ప్రైమరీ స్కూలుకి మండలంలో ఎంఈఓ, అంటే మండల విద్యాశాఖాధికారి, హైస్కూలుకి డివిజన్‌లో డిప్యూటీ డీఈఓ. వాళ్ళ పైన డీఈఓ. ఆయన పైన రాయలసీమకంతా కడపలో ఆర్జేడీ, అంటే రీజినల్ జాయింట్ డైరెక్టరు, ఆ పైన అమరావతి పక్క కమిషనరు, డైరెక్టరు. మామూలు తల్లిదండ్రులకి డీఈఓ దాటి పోవాల్సిన పని నూటికి ఒకరికి వస్తుందేమో. అయినా చాలామంది మొదటే కలెక్టరాఫీసు గ్రీవెన్సుకి పోతారు సోమవారం, అక్కడ అర్జీ తీసుకోని మళ్ళీ దాన్ని డీఈఓకి పంపితే, డీఈఓ ఎంఈఓకి పంపితే, ఎంఈఓ హెచ్ఎంకి ఫోన్ చేస్తాడు. తిరిగి తిరిగి అదే హెచ్ఎం టేబుల్ మీదికి వస్తుంది కాగితం. ముందు హెచ్ఎంని అడిగి, కాదంటే రాసివ్వమనండి, రాసిచ్చిన కాగితం పట్టుకోని పైకి పోండి.

బడి కమిటీని కూడా మర్చిపోకండి. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాల, సగం మంది ఆడవాళ్ళు ఉండాల. ఆ మీటింగుకి పిలిస్తే పొండి. మరుగుదొడ్డికి నీళ్ళు లేవన్నా, అన్నం బాగలేదన్నా అక్కడ అడిగి మినిట్స్ బుక్కులో రాయిస్తే దానికి బలం ఉంటుంది.

3, 4, 5 తరగతుల సంగతి అందరూ అడుగుతారు. 2022లో 117 జీవో వచ్చింది, కిలోమీటరు లోపల హైస్కూలు ఉంటే 3, 4, 5 క్లాసులు అక్కడికి కలిపేయమని. సబ్జెక్టు టీచర్లు చెప్తారు, మంచిదే అనే వాదన ఒకటి. చిన్న పిల్లలు రోడ్డు దాటి పోవాల, ఊర్లో బడి ఒకటి, రెండు క్లాసులతో మిగిలిపోతుంది, తర్వాత అదీ పోతుంది అనే భయం ఇంకొకటి. 2025లో ఆ జీవో తీసేసి బడుల్ని తొమ్మిది రకాలుగా మళ్ళీ సర్దినారు, అందులో క్లాసుకో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూలు ఒకటి. నా మనసులో మాట చెప్తా, క్లాసుకో టీచరు అనేది ఎప్పుడో జరగాల్సింది. ఒక్క మాస్టరే ఐదు క్లాసులకి ఒకే గదిలో చెప్పే బళ్ళో నేను చదువుకున్నా, ఒక వరసకి లెక్క ఇచ్చి రెండో వరసకి పాఠం చెప్తా ఉంటాడు, మూడో వరస ఊరికే కూర్చోనుంటుంది. నేను మూడో తరగతిలో ఊరికే కూర్చున్న ఆ సంవత్సరం ఎక్కాలు ఇప్పటికీ నాకు తడబడతాయి, పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోతా.

గురుకులాల్లో గందరగోళం ఇంకా ఎక్కువ. అందరూ గురుకులం అనే అంటారు, కానీ అంబేద్కర్ గురుకులాలు సాంఘిక సంక్షేమ శాఖవి, మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఉండేవి బీసీ సంక్షేమ శాఖవి, గిరిజన సంక్షేమానివి వేరే, ఏపీ రెసిడెన్షియల్ అనేవి విద్యాశాఖవి. కస్తూర్బా బడులు ఆడపిల్లలకి మాత్రమే, సమగ్ర శిక్ష కింద నడుస్తాయి, తల్లీతండ్రీ లేని పిల్లలకి, బడి మానేసిన పిల్లలకి ముందు సీటు. దేనికి దానికి వేరే నోటిఫికేషను, వేరే వెబ్‌సైటు, వేరే చివరి తేదీ. ఒకదానికి అప్లై చేసి అన్నింటికీ చేసినాము అనుకోని ఇంటికి పోయి కూర్చున్నోళ్ళని ఎంతమందిని చూసినానో. నా దగ్గరికి వస్తే పాప వయసు, కులం, ఊరు అడిగి ఏ ఏ నోటిఫికేషన్లు వర్తిస్తాయో ఒక కాగితం మీద రాసిస్తా, దానికి డబ్బులు తీసుకోను.

ఇక టెన్త్. ఇక్కడ నుంచి బడి చేతిలో నుంచి పరీక్షల వాళ్ళ చేతిలోకి పోతాము. పరీక్ష పెట్టేది, మెమో ఇచ్చేది ప్రభుత్వ పరీక్షల డైరెక్టరు ఆఫీసు. దాంట్లో పడిన పేరు, దాంట్లో పడిన పుట్టిన తేదీ, ఇంక జీవితాంతం అదే, పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా. టెన్త్ నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా, పైకి పోకముందే తప్పు కనిపెడితే హెచ్ఎం దగ్గరే మొదలయ్యి త్వరగా తేలిపోతుంది. మెమో ప్రింటయినాక అయితే హెచ్ఎం రాయాల, డీఈఓ పంపాల, పరీక్షల డైరెక్టరు దిద్దాల. తేడా రోజులకీ నెలలకీ ఉండే తేడా. దీని గురించి చివర్లో ఇంకొంచెం చెప్తా.

ఇక ఇంటర్. తమిళనాడులో అయితే ప్లస్ టూ బళ్ళోనే, పక్క ఊరు తిరుత్తణిలో చూడండి, అదే స్కూల్లో పన్నెండు దాకా చదువుతారు. మనకి టెన్త్ అయిపోతానే బడి వదిలి కాలేజీ. మా పెద్దనాయన పీయూసీ చదివినాడు, అది యూనివర్సిటీ కింద ఒక్క సంవత్సరం ఉండేది, అది పోయి రెండేళ్ళ ఇంటర్ వచ్చింది, 1971 చట్టంతో దానికి ఒక బోర్డు పెట్టినారు. కాబట్టి ఇంటర్ మార్కుల గొడవతో డీఈఓ ఆఫీసుకి పోతే ఏమీ కాదు, అది ఇంటర్ బోర్డు పని. 2025 జనవరి నుంచి గవర్నమెంట్ జూనియర్ కాలేజీల్లో కూడా మధ్యాన్న భోజనం పెడతా ఉన్నారు, డొక్కా సీతమ్మ పేరుతో. పొద్దున ఏడింటికి పల్లె నుంచి బస్సెక్కి తిరుపతికి వచ్చే పిల్లలు ఇంతకుముందు సాయంత్రం దాకా బన్నుతో గడిపేవాళ్ళు, నా సెంటర్ ముందే కూర్చోని తినేవాళ్ళు, నాకు తెలుసు ఆ అన్నం విలువ ఏందో.

ఇప్పుడు అసలు సంగతి, లోకల్, నాన్ లోకల్. ఇది మాత్రం నిదానంగా చదవండి.

మన రాష్ట్రంలో సీట్లకి 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి ఉంది, 371డి ఆర్టికల్ కింద వచ్చింది. అంతకుముందు తెలంగాణ ఉద్యమం, జై ఆంధ్ర ఉద్యమం జరిగినాక ఆరు సూత్రాల పథకం అని ఒప్పుకున్నారు కదా, దాంట్లో నుంచి పుట్టింది. రాష్ట్రాన్ని ఆంధ్ర యూనివర్సిటీ ఏరియా, ఉస్మానియా ఏరియా, ఎస్వీయూ, అంటే శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ, ఏరియా అని మూడు భాగాలు చేసినారు, ఇప్పుడు మనకి మిగిలింది ఏయూ, ఎస్వీయూ. పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు, ఈ ఐదు జిల్లాలు ఎస్వీయూ ఏరియా. సీట్లలో నూటికి 85 లోకల్ వాళ్ళకి, 15 అన్‌రిజర్వుడు. లోకల్ అంటే ఆధార్ కార్డులో అడ్రసు కాదు, సొంత ఇల్లు కాదు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేటట్టు వరసగా నాలుగేళ్ళు ఆ ఏరియాలో చదివి ఉండాల. ఇంజనీరింగుకి ఇంటర్ అర్హత కాబట్టి 9, 10, ఇంటర్ రెండేళ్ళు, మొత్తం నాలుగు.

ఒక అమ్మాయి కథ చెప్తే తెలుస్తుంది. పేరు వద్దు. వాళ్ళమ్మానాయనా తిరువళ్ళూరు పక్క కంపెనీలో పనికి పోయినారు, పిల్ల అక్కడే తమిళనాడులో 6, 7, 8 చదివింది. తర్వాత నాయనకి ఒంట్లో బాగలేక వెనక్కి వచ్చేసినారు, ఇక్కడ జడ్పీ హైస్కూల్లో తొమ్మిదికి చేరింది, ఇంటర్ తిరుపతిలో. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు. కౌన్సెలింగుకి కాగితాలు సర్దుకుంటా ఉంటే ఎవరో చెప్పినారంట, మీరు వేరే రాష్ట్రంలో చదివినారు, నాన్ లోకల్ అయిపోతారు, సీటు రాదు అని. వాళ్ళమ్మ నా బల్ల మీద కూర్చోని ఏడుస్తా ఉంది. ఒకచోట హెల్ప్ డెస్క్ అని పెట్టుకున్నోళ్ళు కూడా అదే చెప్పి పంపించేసినారంట, కాగితాలు తెరిచి చూడకుండానే. నేను ఆ పిల్లని ముందర కూర్చోబెట్టి వేళ్ళు లెక్కపెట్టించినా. తొమ్మిది, పది, ఫస్టియర్, సెకండియర్. నాలుగు. నువ్వు లోకలే పాపా అన్నా. 6, 7, 8 సర్టిఫికెట్లు అడుగుతారు, తమిళనాడువి చూపిద్దాము, దాచాల్సింది ఏమీ లేదు, కానీ లెక్కకి ఈ నాలుగే. ఆ పిల్ల మళ్ళీ ఒకసారి తనే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది, అప్పుడు వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది.

అదే పిల్ల పదో తరగతికి వచ్చి చేరుంటే మూడేళ్ళే అయ్యేది, అప్పుడు కథ వేరే. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్ళు ఉన్నట్టు రెసిడెన్స్ సర్టిఫికెట్ పెడితే ఆ 15లో పోటీ పడే దారి ఒకటి ఉంటుంది, ఇరుకు దారి. కాబట్టి పనికోసం చెన్నైకో బెంగళూరుకో పోయే మన చిత్తూరు వాళ్ళకి నేను చెప్పేది, పిల్లల్ని వెనక్కి తెచ్చేటట్టయితే తొమ్మిదో తరగతి మొదట్లోనే తెచ్చేయండి.

ఆ అమ్మాయికి సీటు వచ్చింది. దాంట్లో కూడా చూడండి ఎంతమంది చేతులున్నాయో. కాలేజీ ప్రైవేటుది. డిగ్రీ ఇచ్చేది, పరీక్ష పెట్టేది జేఎన్‌టీయూ అనంతపురం. ఎంట్రన్సు ఉన్నత విద్యామండలిది, అది 1988లో పెట్టింది, పరీక్ష నడిపే పని ఏదో ఒక యూనివర్సిటీకి అప్పజెప్తుంది. కౌన్సెలింగు సాంకేతిక విద్యాశాఖది. ఫీజు రీయింబర్స్‌మెంటు సంక్షేమ శాఖలవి, జ్ఞానభూమి సైటులో చూసుకోవాల. ఫీజు పడలేదని యూనివర్సిటీకి పోతే లాభం లేదు, మార్కులు తప్పు పడినాయని సంక్షేమ శాఖకి పోతే లాభం లేదు.

ఎస్వీయూ గురించి రాయకుండా ఈ పోస్టు ముగించలేను, నా సెంటర్ బతికేదే దాని నీడలో. రాయలసీమలో యూనివర్సిటీ లేక మనవాళ్ళు మద్రాసు యూనివర్సిటీ కింద చదువుకున్నారు. 1937 శ్రీబాగ్ ఒప్పందంలోనే అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం పెట్టాలని సీమ పెద్దలు అడిగినారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక 1954లో టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తిరుపతిలో ఎస్వీయూ మొదలయింది, ఎస్.గోవిందరాజులు నాయుడు మొదటి వైస్ ఛాన్సలరు. ఒకప్పుడు సీమ అంతా, నెల్లూరుతో కలిపి దీని కిందే. తర్వాత అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ 1981లో, కడపకి యోగి వేమన 2006లో, నెల్లూరుకి విక్రమ సింహపురి, కర్నూలుకి రాయలసీమ యూనివర్సిటీ 2008లో, ఒక్కొక్కటీ విడిపోయి పోయినాయి. ఏరియా పేరు మాత్రం ఇప్పటికీ ఎస్వీయూ ఏరియానే.

రాష్ట్ర యూనివర్సిటీలకి ఛాన్సలరు గవర్నరు. రోజూ నడిపేది వైస్ ఛాన్సలరు, మూడేళ్ళకి. ఆయన్ని ఎంచేదానికి సెర్చ్ కమిటీ పెట్టి పేర్లు పంపుతారు. పక్కన పాలకమండలి, చదువు విషయాలకి అకడమిక్ సెనేట్, ఆఫీసు పని రిజిస్ట్రారు. మన పిల్లలకి వీళ్ళతో పని పడదు, పని పడేది ఎగ్జామినేషన్ బ్రాంచితో, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మార్కులన్నీ కలిపిన మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) అని మూడు కాగితాల కోసం. డిగ్రీ అయిపోగానే పీసీ, సీఎంఎం తీసుకోని ఓడీ తర్వాత చూద్దాములే అనుకుంటారు, పదేళ్ళ తర్వాత గల్ఫులోనో అమెరికాలోనో ఉండి ఓడీ కావాలని ఫోన్ చేస్తారు. అయిపోయిన ఏడాదే పెట్టేసుకోండి. రాష్ట్ర యూనివర్సిటీల్లో నాకు బాధ కలిగించేది మాత్రం పర్మనెంట్ పోస్టులు ఏళ్ళ తరబడి నింపకపోవడం. పీహెచ్‌డీ చేసినోళ్ళు ఏడాది ఏడాదికి రెన్యువల్ అయ్యే ఉద్యోగాల్లో జుట్టు నెరిసిపోయేదాకా పాఠం చెప్తా ఉంటారు, వాళ్ళ బయోడేటాలు టైపు చేసేది నేనే.

గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో లెక్చరరు కళాశాల విద్యాశాఖ మనిషి, పరీక్ష, పట్టా ఎస్వీయూవి. టీటీడీ ఆర్ట్స్ కాలేజీ 1945 నుంచి ఉంది, దానికి యాజమాన్యం దేవస్థానం, పట్టా మాత్రం ఎస్వీయూదే. అడ్మిషన్ అంతా 2020 నుంచి ఆన్‌లైన్లో ఉన్నత విద్యామండలి సైటులోనే.

ఈ ఒక్క ఊర్లో ఎన్ని రకాల యాజమాన్యాలో చూస్తే నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. అలిపిరి రోడ్డు వైపు కొంచెం దూరంలోనే అన్నీ. మహిళా యూనివర్సిటీ 1983లో ఎన్టీఆర్ పెట్టింది, రాష్ట్రానిది. వెటర్నరీ యూనివర్సిటీ 2005ది, అదీ రాష్ట్రానిదే, హెడ్ ఆఫీసు ఇక్కడే. వ్యవసాయ కాలేజీ 1961ది, దాని యూనివర్సిటీ గుంటూరు పక్క లాంలో ఉంది. ఎస్వీ మెడికల్ కాలేజీ 1960ది, దాని యూనివర్సిటీ విజయవాడలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, పక్కనే స్విమ్స్ ఆస్పత్రి టీటీడీది, దానికది యూనివర్సిటీ. సంస్కృత విద్యాపీఠం 2020లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఏర్పేడు పక్క ఐఐటీ, సైన్సు చదువులకి ఐసర్ 2015లో వచ్చినాయి, రాష్ట్రం విడిపోయినప్పుడు చట్టంలో రాసిచ్చినవి, ఢిల్లీవి. వాటికి లోకల్ నాన్ లోకల్ లేదు, దేశమంతా ఒకటే ర్యాంకు. మా ఊర్లోనే ఉంది కదా, మావాళ్ళకి కోటా ఉండదా అని ఏర్పేడు రైతు ఒకాయన అడిగినాడు, లేదన్నా అని చెప్పేటప్పుడు నాకే మనసొప్పలేదు.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికొస్తా. సీటు వచ్చినాక రిపోర్టింగుకి పోయేముందు కాగితాలన్నీ ఒకసారి బల్ల మీద పరిచి చూసినాము. టెన్త్ మెమోలో పేరుకి ముందు ఎం అని ఉంది, కుల ధ్రువీకరణ పత్రంలో పి అని ఉంది. ఎందుకంటే తమిళనాడులో నాయన పేరు మొదటక్షరం ఇనీషియల్ పెడతారు, మనకి ఇంటిపేరు. అక్కడి టీసీలో ఉండేదే ఇక్కడ తొమ్మిదో తరగతిలో అడ్మిషన్ రిజిస్టర్లో ఎక్కింది, అదే నామినల్ రోల్లోకి, అదే మెమోలోకి పోయింది. సరిహద్దు మండలాల పిల్లల్లో ఇది ఎంతమందికి ఉందో. ఆ పిల్లకి అప్పటికి అఫిడవిట్ పెట్టి చేర్చుకున్నారు, దిద్దుబాటు కాగితం హెచ్ఎం నుంచి డీఈఓ దాటి పైకి పోయి వచ్చేసరికి ఫస్టియర్ సగం అయింది.

ఆమె తమ్ముడు ఇప్పుడు అదే హైస్కూల్లో ఎనిమిది. వాడూ ఒకటి నుంచి మూడు దాకా అక్కడే చదివినాడు. మొన్న వాళ్ళమ్మ నన్ను తోడు రమ్మనింది, సెంటరు మా ఆయనకి అప్పజెప్పి పోయినా. హెడ్ మాస్టరు మేడం బీరువాలో నుంచి పెద్ద రిజిస్టరు తీసింది, అట్ట మూలలు గుడ్డ టేపుతో అతికించుంది, లోపల ఒక్కో పిల్లకి ఒక్కో అడ్డగీత. మేడం వేలు పెట్టి వరస వెంబడి పోతా పోతా ఆగింది. ఎం. ఇక్కడ కూడా ఎమ్మే. కులపత్రం, బర్త్ సర్టిఫికెట్, రేషన్ కార్డు మూడూ చూసి, అర్జీ రాసివ్వమ్మా, టెన్త్ రోల్స్‌కి ఇంకా రెండేళ్ళు టైముంది అనింది. వాళ్ళమ్మకి రాయడం రాదు, నేను రాసినా, ఆమె వేలిముద్ర వేసింది. వేలికంటిన ఇంకు తుడుచుకుంటా "ఇది జడ్పీ బడే కదమ్మా" అని నన్ను అడిగింది. అవునక్కా, జడ్పీదే అన్నా.